ఏబీసీడీ పాటంతా వచ్చు, అక్షరం మాత్రం గుర్తుపట్టడు: నాలుగేళ్ల పిల్లలకు కార్టూన్లు ఎంతవరకు పనికొస్తాయి?

మిర్యాలగూడ నుంచి ఒక తల్లి అడిగారు: "మా బాబుకు నాలుగున్నరేళ్లు. ఏడాదిగా ఫోన్లో అక్షరాల కార్టూన్లు చూస్తున్నాడు. ఏబీసీడీ పాట మొత్తం పాడతాడు. అ అమ్మ, ఆ ఆవు కూడా గడగడా చెప్తాడు. కానీ కాగితం మీద ఒక్క అక్షరం రాసి చూపిస్తే తెల్లముఖం వేస్తాడు. రోజుకు రెండు గంటలు చూస్తున్నాడు. ట్యూషన్ మేడమ్ ఫోనిక్స్ వీడియోలు పెట్టమంటున్నారు. మా అత్తమ్మ ముందు తెలుగు నేర్పమంటున్నది. ఏ కార్టూన్లు మంచివి? రెండు భాషలు ఒకేసారి మొదలుపెడితే గందరగోళం అవుతుందా?"

అమ్మా, నేను 24 ఏళ్లుగా ఒకటో తరగతికి చెప్తున్నాను. సగం కాలం దేవరకొండ వైపు తండాల్లో, సగం నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో. మీ బాబులాంటి పిల్లలు ఏటా జూన్‌లో నలుగురైదుగురు మా బడికి వస్తారు. ముందుగా మీ టెన్షన్ తగ్గించుకోండి. వాడు ఏడాదిలో నేర్చుకున్నది పాట, దాన్ని బాగానే నేర్చుకున్నాడు. ఆ పాటలోంచి ఒక్కో అక్షరాన్ని విడదీసి వాడి చేతిలో పెట్టే పని ఇంకా మిగిలే ఉంది. ఆ పని ఇంట్లో మనిషి పక్కన కూర్చుంటేనే అవుతుంది.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. 2020లో బడులు మూతపడ్డప్పుడు సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్‌లో, రాష్ట్ర ప్రభుత్వ ఛానెల్ టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. అవి మూడో తరగతి, ఆపై పిల్లలకు. చిన్నవాళ్లు వెనకబడతారేమోనని నేనే తల్లిదండ్రుల వాట్సాప్‌కు అక్షరాల కార్టూన్లు పంపించాను. బడి తెరిచాక ఒక పిల్లవాడు నా కుర్చీ దగ్గర నిలబడి అ నుంచి అః దాకా బొమ్మల పేర్లతో సహా ఆగకుండా చెప్పాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. గోడ మీది చార్టు దగ్గరికి తీసుకుపోయి, 'ఎ' పక్కనున్న ఎలుక బొమ్మను అరచేత్తో మూసి, అక్షరం ఒక్కటే కనపడేట్టు చేసి, "ఇదేంది నాన్నా?" అని అడిగాను. వాడు బాగా చూసి "చెయ్యి" అన్నాడు.

ఏడాదంతా వాడి కన్ను బొమ్మ మీదే ఉందని అప్పుడు అర్థమైంది. కార్టూన్‌లో ఎలుక ఉరుకుతుంది, జున్ను ముక్క తింటుంది, కిచకిచమంటుంది. అక్షరం మాత్రం మూలకు కదలకుండా ఉంటుంది. పిల్లల కన్ను కదిలేదాని మీదికే పోతుంది. వీడియో పంపి, పక్కన కూర్చుని అక్షరం మీద వేలు పెట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పకపోవడం నా పొరపాటు. మీరూ ఈ పరీక్ష చేసి చూడండి. పుస్తకంలో బొమ్మను మూసి అడగండి. తర్వాత అక్షరాన్ని మూసి బొమ్మ ఉంచి అడగండి. వాడు ఎక్కడ ఉన్నాడో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఏబీసీడీ పాట సంగతీ ఇంతే. దాన్ని మెల్లగా పాడించి వినండి. ఎల్, ఎమ్, ఎన్, ఓ, పీ దగ్గర రాగం ఉరుకుతుంది. చాలామంది పిల్లలకు అది "ఎలమెనోపీ" అనే ఒక్క మాట. అందులో ఐదు అక్షరాలున్నాయని వాళ్లకు తెలియదు. పైగా అమెరికా కార్టూన్లలో చివరి అక్షరాన్ని "జీ" అంటారు, మన బడిలో "జెడ్" అంటాం. మధ్యలో ఇంకో "జీ" ఉండనే ఉంది. పిల్లవాడికి రెండు జీలు వినపడితే ఏది ఏదో వాడికెట్లా తెలుస్తుంది? పాట పాడనివ్వండి, తప్పులేదు. నిఘంటువు వెతకడానికి ఆ వరుస పనికొస్తుంది. చదవడానికి వరుసతో పనిలేదు. ఇంగ్లిష్‌లో అక్షరాలు 26, శబ్దాలు దాదాపు 44. చదవాలంటే శబ్దాలు పట్టుబడాలి.

ఇక ఏ కార్టూన్ మంచిదన్న ప్రశ్న. ఛానెళ్ల పేర్లు చెప్పను, ఎందుకంటే ఒకే ఛానెల్‌లో ఒకటి బంగారంలాంటిది ఉంటుంది, దాని పక్కనే తప్పుల తడక ఉంటుంది. ఎంచుకునే పద్ధతి చెప్తాను. బాబుకు పెట్టే ముందు మీరొక్కరే కూర్చుని, కళ్లు మూసుకుని ఒక్కసారి వినండి. అక్షరం చెప్పినప్పుడు వచ్చే శబ్దం, తర్వాత వచ్చే మాట మొదటి శబ్దం, రెండూ ఒకటేనా? 'జీ ఫర్ జిరాఫ్' అని, పిల్లలకు ముందుగా నేర్పాల్సిన 'గ్' శబ్దాన్ని వదిలేసే వీడియోలు ఎన్నో ఉన్నాయి. 'ఓ ఫర్ ఔల్' అంటారు, అందులో మొదట వినపడేది ఔ. 'ఎక్స్ ఫర్ జైలోఫోన్' అంటారు, అందులో మొదటి శబ్దం జ్. ఎక్స్ అసలు శబ్దం వినాలంటే బాక్స్ చివర, ఫాక్స్ చివర వినాలి. 'కే ఫర్ నైఫ్' అన్నవాళ్లనూ చూశాను. పెద్దవాళ్లకు స్పెల్లింగ్ కనపడుతుంది కాబట్టి ఈ తప్పు తెలియదు. అక్షరం రాని పిల్లవాడు చెవితోనే వింటాడు, వాడికి అక్షరానికీ మాటకూ లంకె దొరకదు. ఒక వీడియోలో ఇలాంటివి రెండు కనపడితే పక్కన పెట్టేయండి.

ఇప్పుడు ట్యూషన్ మేడమ్ చెప్పిన ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలు కలిపి మాట చదివించే పద్ధతి. వాళ్లు చెప్పింది మంచి మాటే. మన పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం ఒక్కచోట జాగ్రత్త పడాలి, మన వీడియోల్లో ఎక్కువ తప్పు జరిగేది అక్కడే. మన అక్షరం పుట్టుకతోనే అచ్చును వెంటబెట్టుకుని వస్తుంది. ప అంటే ప్, అ కలిసినట్టే. ఇంగ్లిష్ పీ శబ్దం మన పొల్లు 'ప్' మాత్రమే. కార్టూన్‌లో ఆంటీ "ప ప ప పిన్" అంటుంది. పిల్ల "ప" అని నేర్చుకుంటుంది. రెండేళ్ల కింద మా తరగతిలో ఒక పాప పీ, ఐ, ఎన్ అక్షరాలను చూసి "ప... ఇ... న... పఇన" అన్నది. మూడు శబ్దాలూ తనకు తెలుసు, కలపడమూ తెలుసు, అయినా మాట రాలేదు. బోర్డు మీద తెలుగులో 'ప్' రాసి, పెదాలు మూసి, గొంతు కలపకుండా గాలి మాత్రం వదిలి చూపించాను. నా పెదాల ముందు తన అరచెయ్యి పెట్టించాను, గాలి తగిలింది. తర్వాత తను చేసింది. ప్, ఇ, కలిస్తే పి. చివర న్. "పిన్ను!" అని అరిచింది. మన వైపు పిన్ను, బస్సు, పెన్ను అంటాం కాబట్టి చివర ఆ ఉకారం వస్తుంది. నేను దిద్దలేదు. మాట దొరికింది, అది చాలు.

గమనించారా, ఆ పాప చేసింది గుణింతమే. మీ అత్తమ్మ చిన్నప్పుడు బడిలో "తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి" అని పాడుకుని ఉంటారు. శబ్దానికి శబ్దం కలిపి పలికించడం ఫోనిక్స్ అయితే, మన తాతముత్తాతలు పలక మీద చేసింది అదే. అందుకే మీ అత్తమ్మ మాటతో నేను ఏకీభవిస్తాను. తెలుగులో అక్షరం పేరు, శబ్దం ఒకటే. మ పేరు మ, శబ్దం మ. ఇంగ్లిష్‌లో డబుల్యూ అనే పేరులో దాని శబ్దం మొదట ఎక్కడా వినపడదు, హెచ్‌ను ఇంగ్లిష్‌వాళ్లు 'ఎయిచ్' అంటారు, ఆ పేరులో హ్ శబ్దం లేదు. ముందు తెలుగులో పది, పదిహేను అక్షరాలతో 'గీతకూ శబ్దానికీ జత' అనే సంగతి వాడి బుర్రకు ఎక్కితే, ఇంగ్లిష్‌లో దాన్ని మళ్లీ నేర్పే పని ఉండదు. రెండు భాషలూ ఒకే ఏడాదిలో నడవొచ్చు, పిల్లలు తట్టుకుంటారు. ఒకే వారంలో ఒకే శబ్దానికి రెండు కొత్త గుర్తులు పెట్టకండి, అంతే. ఇంగ్లిష్ మొదలుపెట్టినప్పుడు ఏ, బీ, సీ వరుసలో పోకండి. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరింటితో మొదలుపెట్టే ఫోనిక్స్ వీడియోలు వెతకండి. ఆరు అక్షరాలతోనే పిన్, టిన్, ట్యాప్, న్యాప్, సిట్ లాంటి మాటలు చదివేస్తారు. చిన్న అక్షరాలతో చూపించేవి మేలు. పుస్తకంలో దాదాపు అన్నీ అవే ఉంటాయి, కార్టూన్లు మాత్రం పెద్ద అక్షరాలనే ఎగిరిస్తుంటాయి.

స్స్స్, మ్మ్మ్, న్న్న్ లాంటి శబ్దాలను సాగదీయవచ్చు. ప్, ట్, క్ సాగవు, సాగదీస్తే అచ్చు వచ్చి చేరుతుంది. అందుకే మొదట సాగే శబ్దాలతో మొదలయ్యే మాటలు కలిపించండి.

ఇంకో సంగతి మన జిల్లాలవాళ్లకు ప్రత్యేకం. తెలుగు అక్షరాల కార్టూన్లు ఎక్కువగా పుస్తకాల భాషలో ఉంటాయి. 'వ' దగ్గర వేపచెట్టు బొమ్మ వేస్తారు. మన పిల్లవాడు ఇంట్లో దాన్ని యాపచెట్టు అంటాడు. బొమ్మ చూస్తాడు, నోట్లో యాప వస్తుంది, అక్షరం మాత్రం 'వ' అంటున్నది. వీపును ఈపు అంటాం, వెన్నెలను ఎన్నెల అంటాం. మాట మొదట్లో ఉండే 'వ'ను మనం చాలాచోట్ల పలకం. పిల్లవాడిది తప్పని మాత్రం అనొద్దు, వాడి మాట వాడి ఇంటి మాట. మీరే ఇంకో మాట ఎంచుకోండి. మిర్యాలగూడలో అయితే వడ్లు ఉండనే ఉన్నాయి. ఎటు చూసినా రైసు మిల్లులు, వడ్ల లారీలు. 'వ' అంటే వడ్లు. ఉ దగ్గర ఉడుత సరే, దసరా ముందు అయితే బతుకమ్మ పాటలో వచ్చే ఉయ్యాలో ఇంకా సరే, ఇల్లంతా తొమ్మిది రోజులు వాడి చెవిలో అదే శబ్దం. బ అంటే బత్తాయి, నల్లగొండ పిల్లలకు దాని రుచి తెలుసు. ఈ అంటే ఈతపండు. 'ఓ' కు ఓడ చూపిస్తారు, మన పిల్లలు నాగార్జునసాగర్‌లో లాంచీ చూసి ఉంటారు తప్ప ఓడ చూడలేదు.

దేవరకొండ వైపు తండాల్లో ఇది ఇంకా ముఖ్యం. లంబాడీ పిల్లకు అమ్మ అంటే యాడి. 'అ అమ్మ' అని కార్టూన్ చెప్పినప్పుడు ఆ బొమ్మను చూసి తనకు వచ్చే మాట వేరు. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడ మాట్లాడే ఇళ్లు, పాలమూరు పట్నంలో ఉర్దూ మాట్లాడే ఇళ్లు, అందరిదీ ఇదే సంగతి. అలాంటి ఇంట్లో ముందు తెలుగు మాట తెలియాలి, వస్తువును చేతికిచ్చి పేరు చెప్పాలి, అక్షరం ఆ తర్వాత. ఇది రాస్తుంటే నా మొదటి సంవత్సరాలు గుర్తొస్తున్నాయి. ఆ పిల్లలకు ఎన్ని నెలలు అర్థంకాని మాటలతో అక్షరాలు రుద్దానో తలచుకుంటే ఇప్పటికీ బాధ.

ఎంతసేపు అనే దగ్గర గట్టిగా చెప్తాను. రోజుకు రెండు గంటలు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, మన దేశంలో పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది ఒకటే: రెండు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు తెర ముందు మొత్తం గంట దాటొద్దు, తగ్గితే ఇంకా మంచిది. రెండేళ్లు నిండనివాళ్లకు అసలు వద్దు. ఇంట్లో చిన్నపాప ఉంటే ఆమెను అక్షరాల వీడియో ముందు కూర్చోబెట్టి లాభం లేదు. ఆ వయసులో తెర మీద చూసినదానికంటే ఎదురుగా మనిషి చేసి చూపించింది బాగా ఒంటబడుతుంది. అక్షరాల కోసం మీ బాబుకు రోజుకు పది, పన్నెండు నిమిషాలు చాలు. అన్నం తినేటప్పుడు వద్దు. ఆటోప్లే ఆపండి. వీలైతే ఒక్క వీడియో డౌన్‌లోడ్ చేసి, నెట్ ఆపి ఇవ్వండి. లేకపోతే అక్షరం నుంచి కారు బొమ్మల మీదికి, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోతుంది.

వేగం కూడా చూడండి. 2011లో అమెరికాలో 60 మంది నాలుగేళ్ల పిల్లలతో ఒక పరీక్ష చేశారు. దృశ్యాలు టకటకా మారిపోయే కార్టూన్ తొమ్మిది నిమిషాలు చూసిన పిల్లలు, వెంటనే ఇచ్చిన పనుల్లో మనసు నిలపలేకపోయారు. నిదానంగా నడిచే కార్యక్రమం చూసినవాళ్లు, బొమ్మలు గీసుకున్నవాళ్లు వాళ్లకంటే బాగా చేశారు. మీరు చూసేటప్పుడు అక్షరం తెర మీదికి రాగానే మనసులో ఐదు లెక్కపెట్టండి. ఐదు అయ్యేలోపు మాయమైతే అది మీ బాబుకు పనికిరాదు. ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగుతుందా అనేది కూడా చూడండి. 1969లో అమెరికాలో మొదలైన పిల్లల టీవీ కార్యక్రమం సెసమీ స్ట్రీట్ ఒక్కో ఎపిసోడ్‌లో కొద్ది అక్షరాలనే పట్టుకుని, వాటినే మళ్లీ మళ్లీ చూపించేది. 1996లో వచ్చిన బ్లూస్ క్లూస్ అయితే ప్రశ్న అడిగి పిల్లలు చెప్పేదాకా ఆగేది, మొదట్లో ఒకే ఎపిసోడ్‌ను వరుసగా ఐదు రోజులు వేసేవారు. పిల్లలు విసుక్కోలేదు, రోజురోజుకూ ఇంకా గట్టిగా జవాబులు చెప్పారు. పది నిమిషాల్లో 56 అక్షరాలూ పరుగెత్తించే మన వీడియోలు దీనికి పూర్తిగా ఎదురు.

మీ ఇంట్లో ఎలా మొదలుపెట్టాలో చెప్తాను, ఒక్క 'వ' తోనే. సోమవారం 'వ' ఒక్కటే ఉన్న చిన్న వీడియో, మీరు పక్కన కూర్చుని. అక్షరం రాగానే ఆపండి, వాడి వేలు పట్టి తెర మీద ఆ గీత వెంట నడిపించండి. వీడియోలో అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో చూడండి. కొన్ని యానిమేషన్లలో అక్షరానికి కింది నుంచి రంగు నిండుతుంది, చేత్తో రాసేటప్పుడు ఆ దారి పనికిరాదు. ఫోన్ లోపల పెట్టేశాక పళ్లెంలో బియ్యం పోసి, అందులో వేలితో వ రాయించండి. అక్షరాభ్యాసం నాడు చేసిందే, ఇప్పుడు రోజూ. పెన్సిల్‌కు ఇంకా తొందరలేదు, వేళ్లకు బలం రానివ్వండి.

మంగళవారం అదే వీడియో. ఈసారి మీరు "వడ్లు, వంకాయ, మేక, వాన" అనండి. వ తో మొదలుకానిదాన్ని వాడు పట్టుకోవాలి. నవ్వుతూ ఆడే ఆట ఇది, పరీక్షలా చేయకండి. అత్తమ్మ వంటింట్లో ఉంటే ఈ ఆట వాళ్లకు వదిలేయండి, నాకు తెలిసి మీకంటే బాగా ఆడిస్తారు. బుధవారం, గురువారం అదే వీడియో, సౌండ్ మాత్రం ఆపేసి. బొమ్మ కనపడుతుంది, శబ్దం వాడే చెప్పాలి. శుక్రవారం 'ప' పక్కన పెట్టండి. మన పిల్లలు ఎక్కువగా తడబడే జత ఇది. తలకట్టు విడిగా ఉంటే ప, అంటుకుని ఉంటే వ. బియ్యంలో రెండూ రాసి, తలకట్టు ఒక్కటే తుడిపి మళ్లీ పెట్టి చూపించండి. మ, య జత కూడా ఇలాగే తడబడతారు. దాని సంగతి తర్వాత, ఒకేసారి వద్దు.

ఇంత చేసినా, పిలిస్తే పలకకపోవడం, టీవీ సౌండ్ బాగా పెంచమనడం, మాటలు ఈడు పిల్లలకంటే తక్కువగా ఉండడం కనపడితే ముందు చెవి డాక్టర్‌కు చూపించండి. మా తరగతిలో ఒకమ్మాయి ప, బ, మ లను కలిపేస్తుంటే మొద్దు అనుకున్నారు. చెవిలో చీము. మందు వాడాక రెండు నెలల్లో అందరినీ అందుకుంది.

శనివారం బస్టాండ్‌కు తీసుకుపోండి. పల్లె వెలుగు బస్సు ముందు నిలబెట్టి, "ఇందులో నీకు తెలిసింది ఏదైనా ఉందా?" అని అడిగి ఊరుకోండి, వేలు పెట్టి చూపించకండి. 'ప' దొరుకుతుంది. 'వె' దగ్గర ఆగిపోతాడు, ఎందుకంటే అక్కడ తలకట్టు బదులు ఎత్వం ఉంది. అప్పుడు "అది వ కు అక్క" అని చెప్పి వదిలేయండి. గుణింతం మొదలుపెట్టిన రోజు మళ్లీ అదే బస్సు దగ్గరికి తీసుకురావచ్చు.